నెల్లూరు షాపులో ‘బ్లూ లాబ్‌స్టర్ సెట్’: ఆ నీలి జీవి ఏ జాతి, దేనికి డబ్బు పెట్టొచ్చు, ఏది వదిలేయాలి

జీవి మంచిదే. దాంతోపాటు అంటగట్టే సామానులో సగం దాని ప్రాణం తీసేది. డబ్బా మీద పేరైతే పూర్తిగా తప్పు. నెల్లూరులో ఒక అక్వేరియం షాపు ‘బ్లూ లాబ్‌స్టర్ సెట్’ అని అమ్ముతున్న దాని సంగతి క్లుప్తంగా ఇదీ. షాపు పేరుతో ఇక్కడ పని లేదు. ఇలాంటి సెట్టు కావలిలోనో ఒంగోలులోనో కనబడినా చూడాల్సినవి ఇవే.

సెట్టులో వచ్చేవి: అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న అద్దాల తొట్టి, రంగు గులకరాళ్ళ సంచి, అడుగున పరిచే ప్లాస్టిక్ ఫిల్టర్ పలక, చిన్న ఎయిర్ పంపు, మేత డబ్బా, ‘చేపల జబ్బులకు’ అని ఒక మందు సీసా, వీటన్నిటికీ కారణమైన ఆరేడు సెంటీమీటర్ల నీలి జీవి. మూత రాదు. ‘జతగా తీసుకుంటే రెండోది తక్కువకిస్తాం’ అని ఆశ మాత్రం పెడతారు.

లాబ్‌స్టర్ సముద్రంలో బతికేది. మంచినీళ్ళ తొట్టిలో రోజుల తరబడి హాయిగా తిరుగుతున్నది లాబ్‌స్టర్ కాదు, క్రేఫిష్. ప్రపంచంలో వీటి జాతులు ఆరు వందలకు పైగా ఉన్నాయి. ఉత్తర అమెరికా, యూరప్, తూర్పు ఆసియా, ఆస్ట్రేలియా, న్యూగినీ, దక్షిణ అమెరికా, మడగాస్కర్ వీటి స్వస్థలాలు. భారతదేశంలో సొంత జాతి ఒక్కటీ లేదు. కాబట్టి నెల్లూరులో మీ చేతికొచ్చే ఏ క్రేఫిష్ అయినా బయటి దేశపు సరుకే. ఈ ఒక్క మాట మీదే చివర్లో చెప్పబోయే విషయమంతా ఆధారపడి ఉంది.

రొయ్యల గుంటల మధ్య పెరిగిన ఊళ్ళలో ఇంకో తికమక ఉంది. నీలికాళ్ళ స్కాంపిని, అంటే మన నీలకంఠ రొయ్యని చిన్నప్పుడే పట్టి ఇదే పేరుతో అంటగడితే కొత్తవాళ్ళు పోల్చుకోలేరు. కాళ్ళు చూస్తే తెలిసిపోతుంది. స్కాంపికి ముందున్న రెండు జతల కాళ్ళకే కత్తెరలుంటాయి, వాటిలో పొడుగ్గా సాగేది రెండో జత. క్రేఫిష్‌కు మూడు జతలకు కత్తెరలుంటాయి, లావుగా బలిసేది మొట్టమొదటి జత, తక్కిన రెండూ సన్నటివి. స్కాంపి ఒంటికి పక్కలు నొక్కినట్టుంటాయి, తల ముందు పళ్ళున్న పొడుగాటి ముల్లు పైకి వంగి ఉంటుంది. క్రేఫిష్ ముక్కుముల్లు పొట్టిది, పైనుంచి చూస్తే త్రికోణం. డొప్ప గట్టిగా గుండ్రంగా ఉంటుంది, నడక ఎండ్రకాయని గుర్తుకు తెస్తుంది. వనామి రొయ్యకీ టైగర్ రొయ్యకీ కూడా మూడు జతల కత్తెరలే గానీ అవి సన్నగా ఒకే తీరుగా ఉంటాయి. వాటిని క్రేఫిష్ అని భ్రమపడేవాళ్ళు మన జిల్లాలో ఉండరు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఏ క్రేఫిష్? రంగును నమ్మొద్దు. నీలి రంగు కనీసం నాలుగు జాతుల్లో దొరుకుతుంది. ఆ రంగు వచ్చేది ఆస్టాజాంథిన్ అనే ఎర్ర పదార్థం ఒక ప్రొటీన్‌తో కలిసి ఉండటం వల్ల. ఉడికిస్తే ప్రొటీన్ చెడి ఎరుపు బయటపడుతుంది, రొయ్య ఉడికినా ఎర్రబడేది ఇందుకే. కుబుసం దగ్గరపడినప్పుడు మంచి నీలం కూడా మసకబారుతుంది. రంగు బాగుందని ఎక్కువ అడిగితే ఇవ్వొచ్చు గానీ, అది జాతికి గుర్తు కాదు.

తిరగేసి పొట్ట చూడాలి. బొటనవేలు, చూపుడువేలు కత్తెర కాళ్ళ వెనక వీపు డొప్పకు రెండు వైపులా పెట్టి పట్టుకుంటే గిచ్చలేదు. చేత్తో పట్టుకోవడం భయమైతే కాసిని నీళ్ళున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో వేయమని, డబ్బాను కళ్ళకంటే ఎత్తుకు లేపి కిందినుంచి చూడండి. ఈ రెండింటికీ ఒప్పుకోని షాపులో కొనకపోవడమే మేలు. మేం చెబుతున్న షాపు డబ్బా పద్ధతికి అభ్యంతరం పెట్టదు, ఆ మేరకు మెచ్చుకోవాలి.

తోక భాగంలో మొదటి ఖండం, అంటే డొప్పకు ఆనుకుని ఉన్నది, కింది వైపు చూడండి. అక్కడ ఈతకాళ్ళు అసలే లేకపోతే అది ఆస్ట్రేలియా వైపు కుటుంబానిది. మన దగ్గర దొరికే వాటిలో అది చాలావరకు రెడ్‌క్లా, శాస్త్రీయంగా చెరాక్స్ క్వాడ్రికారినేటస్. ఉత్తర ఆస్ట్రేలియా, దక్షిణ న్యూగినీ దాని ఊళ్ళు. 1868లో ఫాన్ మార్టెన్స్ వర్ణించాడు. తల మీద పొడవునా నాలుగు గట్లు ఉంటాయి, వేలు పెడితే తగులుతాయి. కత్తెరలు సన్నగా నున్నగా ఉంటాయి. ఎదిగిన మగదాని కత్తెర బయటి అంచున మెత్తటి ఎర్ర మచ్చ వస్తుంది, ఆడదానికి రాదు. మగదాని జననరంధ్రాలు అయిదో జత కాళ్ళ మొదట్లో, ఆడదానివి మూడో జత కాళ్ళ మొదట్లో. కాళ్ళు లెక్కపెట్టేటప్పుడు పెద్ద కత్తెర జతనే మొదటిదిగా తీసుకోవాలి. ఈ జాతిలో మగ, ఆడ లక్షణాలు రెండూ కలిసినవి కూడా అప్పుడప్పుడూ కనబడతాయి, అలాంటిది కనిపిస్తే కంగారు పడకండి. మరో ఆస్ట్రేలియా జాతి యాబీ కూడా నీలంగా దొరుకుతుంది. దానికి ఈ నాలుగు గట్లూ ఎర్ర మచ్చా కలిసి రావు, కత్తెరలు వెడల్పుగా ఉంటాయి.

మగదానికి మొదటి ఖండం కింద గట్టి పుల్లల్లాంటి కాళ్ళు రెండు ముందుకు, నడక కాళ్ళ మధ్యకు సాగి ఉంటే అది అమెరికా కుటుంబానిది. ఆడదైతే చివరి రెండు జతల కాళ్ళ మధ్య పొట్ట మీద బొడ్డులాంటి చిన్న గుబ్బ కనిపిస్తుంది, మగదాని వీర్యాన్ని దాచుకునే తిత్తి అది. రెడ్‌క్లా ఆడదానికి ఇది ఉండదు. అమెరికా మగదాని మూడో, నాలుగో జత కాళ్ళ మొదటి కణుపుల దగ్గర చిన్న కొక్కేలు కూడా ఉండొచ్చు.

అమెరికా కుటుంబమే అని తేలాక వీపు చూడండి. డొప్ప వెనక సగంలో రెండు వంపు గీతలు వెన్ను మధ్యకు వస్తాయి. ఆ రెండూ ఒకదానికొకటి తగిలి ఒకే గీత అయిపోయి, కత్తెరల నిండా పొక్కుల్లాంటి బుడిపెలు ఉండి, కత్తెర సన్నగా పొడుగ్గా ఉంటే అది ప్రోకాంబారస్ క్లార్కీ. గీతల మధ్య సందు స్పష్టంగా ఉంటే క్లార్కీ కాదు. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన ప్రోకాంబారస్ అలెనై నీలి రకం కూడా ప్రపంచమంతా ఇదే పేర్లతో అమ్ముడవుతుంది, దాన్ని కూడా మనసులో పెట్టుకోవాలి. పూర్తి నిర్ధారణకు మాత్రం సంతానోత్పత్తి దశలో ఉన్న మగదాని ఆ గట్టి పుల్లల కొనల ఆకారం చూడాలి. అయిదు సెంటీమీటర్ల లోపు పిల్లను చూసి ఎవరైనా ఖాయంగా జాతి చెబితే అది ఊహే.

ఈ సెట్టుతో వచ్చేది క్లార్కీ నీలి రకం. వీపు గీతలు కలిసిపోయి ఉన్నాయి, బుడిపెలున్నాయి, మగవాటికి కొక్కేలున్నాయి.

ఒక హెచ్చరిక. షాపులో గోధుమ రంగు మీద చలువరాతి మచ్చలున్న చిన్న కత్తెరల పిల్లలు చవగ్గా, ‘లాబ్‌స్టర్ పిల్లలు’ అని కనబడి, ఎన్నిటిని తిరగేసినా అన్నీ ఆడవే అయితే, కొనకండి. అది మార్బుల్ క్రేఫిష్, ప్రోకాంబారస్ వర్జినాలిస్ కావచ్చు. 1990ల మధ్యలో జర్మనీ అక్వేరియం వ్యాపారంలో బయటపడింది, 2017లో వేరే జాతిగా గుర్తింపు పొందింది. దీనికి మగది అక్కర్లేదు. ఒక్కటి ఉంటే చాలు, అచ్చం తనలాంటి పిల్లల్నే పెడుతూ పోతుంది. మడగాస్కర్ వరిపొలాల్లోకి చేరి అక్కడ విపరీతంగా పెరిగింది.

క్లార్కీ స్వస్థలం ఈశాన్య మెక్సికో, అమెరికాలోని లూసియానా, టెక్సస్ చుట్టుపక్కల లోతట్టు చిత్తడి నేలలు. 1852లో గిరార్డ్ వర్ణించాడు. సహజ రంగు ముదురు ఎరుపు. పది పన్నెండు సెంటీమీటర్లు ఎదుగుతుంది, అరుదుగా ఇంకాస్త. కొన్ని నెలలు నీళ్ళు నిలిచి, మిగతా నెలలు ఎండే నేలకు తగినట్టు దాని బతుకు ఉంటుంది. నీళ్ళు దిగుతుంటే మట్టిలోకి బొరియ తవ్వుకుంటుంది, ఒక్కోసారి మీటరు లోతుకు కూడా. బొరియ నోటిని బురదతో మూసి లోపలి తేమలో కూర్చుంటుంది. ఆడది గుడ్లు మోస్తూ ఆ బొరియలోనే ఉండి, నీళ్ళు రాగానే పిల్లలతో బయటికొస్తుంది. మొప్పలు తడిగా ఉన్నంతసేపూ గాలిలోనూ ఊపిరి ఆడుతుంది కాబట్టి రాత్రి తేమలో నేల మీద నడిచి పక్క నీళ్ళకు పోతుంది. లూసియానా రైతులు వరి కోసిన పొలానికే మళ్ళీ నీళ్ళు పెట్టి దీన్ని పెంచుకుంటారు, వరి దుబ్బులే మేత. నీళ్ళు నిలిపి వరి పండించి తరవాత ఆరబెట్టే మన పెన్నా ఆయకట్టు కయ్యలను చూస్తే, ఈ జీవికి ఇంతకంటే సొంతిల్లు ఏముంటుంది? గనిమల్ని, అంటే పొలం గట్లని, జల్లెడ చేయడానికి దానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇది భయపెట్టడానికి అంటున్న మాట కాదు, వేరే దేశాల్లో జరిగిన సంగతే. 1927లో బుల్‌ఫ్రాగ్ కప్పలకు మేతగా జపాన్‌కు తెచ్చారు, దేశమంతా పాకింది. 1970లో కెన్యాలో నైవాషా సరస్సులో వదిలారు, నీటి మొక్కల్ని తుడిచిపెట్టింది. 1973లో స్పెయిన్‌కు వచ్చింది, అక్కడా పక్కన పోర్చుగల్‌లోనూ వరి రైతులు గట్లు కారిపోవడం, నారు తినేయడం చూశారు. యూరోపియన్ యూనియన్ 2016లో ప్రకటించిన హానికర విదేశీ జాతుల మొదటి జాబితాలోనే క్లార్కీ, మార్బుల్ రెండూ ఉన్నాయి. జపాన్ 2023 జూన్ 1 నుంచి క్లార్కీ అమ్మకాన్ని, బయట వదలడాన్ని నిషేధించింది. ఇళ్ళలో ఉన్నవాటిని మాత్రం ఉంచుకోనిచ్చింది. నిషేధం అనగానే జనం భయపడి కాలవల్లో పారబోస్తారని వాళ్ళకు తెలుసు.

సెట్టు సంగతికి వద్దాం. తొట్టి చాలదు. అడుగు ఘనం అంటే అంచుదాకా నింపినా 28 లీటర్లు. ఎదిగిన క్లార్కీ ఒక్కదానికి కనీసం రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి కావాలి, అందులో నలభై లీటర్ల నీళ్ళు పోస్తే పైన ఖాళీ కూడా మిగులుతుంది. ఎత్తు కంటే అడుగు వైశాల్యం ముఖ్యం, ఇది ఈదదు, నడుస్తుంది. రెడ్‌క్లా అయితే నాలుగడుగుల తొట్టి పెట్టుకోవాలి. అది పాతిక సెంటీమీటర్లు, అర కిలో దాకా పెరగగల జీవి.

మూత లేకపోవడం సెట్టులో అన్నిటికంటే పెద్ద లోపం. ఎయిర్ ట్యూబు, ఫిల్టర్ గొట్టం, వైరు, ఏది దొరికినా నిచ్చెన చేసుకుని ఎక్కుతుంది. తెల్లారేసరికి మంచం కింద ఎండి దొరుకుతుంది. మూత పెట్టి దాని మీద బరువు పెట్టాలి, ట్యూబు వచ్చే సందును స్పాంజితో మూయాలి. బయట పడిన జీవి ఇంకా కదులుతుంటే ఒక్కసారిగా లోతు నీళ్ళలో ముంచకండి, మొప్పల్లో గాలి చిక్కుకుని ఉంటుంది. వెడల్పాటి పళ్ళెంలో సగం మునిగేటన్ని తొట్టి నీళ్ళు పోసి కాసేపు ఉంచి ఆ తరవాత వేయండి.

అడుగు పలక ఫిల్టర్ దీనికి పనికిరాదు. పలక పనిచేయాలంటే పైన రాళ్ళు సమానంగా పరిచి ఉండాలి. ఇదేమో రాత్రంతా ఒక మూల తవ్వి పలకను బయటపెడుతుంది. నీళ్ళు ఆ ఖాళీ గుండా పోయి మిగతా రాళ్ళలోంచి పారడం మానేస్తాయి, మలినం కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది. బదులుగా స్పాంజి ఫిల్టర్ పెట్టండి, సెట్టులో ఇచ్చిన ఎయిర్ పంపే దానికి సరిపోతుంది. పంపు నాణ్యతకు వంక పెట్టనక్కర్లేదు, శబ్దం కూడా తక్కువే. ఏ ఫిల్టర్‌కైనా అమ్మోనియాను అరిగించే బ్యాక్టీరియా పట్టడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. తొట్టి, జీవి ఒకే రోజు అమ్మేసే ఈ సెట్టులో ఆ సమయమే లేదు. ముందు తొట్టి పెట్టి, చిటికెడు మేత వేస్తూ నడిపించి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే జీవిని తెచ్చుకోవాలి. తొందరపడి తెచ్చేసినవాళ్ళు మొదటి నెలంతా రెండు రోజులకోసారి పావు వంతు నీళ్ళు మార్చాల్సిందే.

రంగు రాళ్ళు పారేయండి. పూత పెచ్చులూడుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకోటి: క్రేఫిష్ చిన్న మీసాల మొదట్లో ఒంటి బ్యాలెన్స్ తెలుసుకునే గుంటలు ఉంటాయి, వాటిలో ఇసుక రేణువులు పెట్టుకుంటుంది. ప్రతి కుబుసంతో అవి పోతాయి, మళ్ళీ కొత్తవి ఏరుకోవాలి. గులకరాళ్ళలో ఏం ఏరుకుంటుంది? కడిగి ఎండబెట్టిన పెన్నా ఇసుక రెండంగుళాలు పరిస్తే ఖర్చూ తక్కువ, జీవికీ మంచిది. దాక్కోవడానికి రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలు, జానెడు పొడవువి రెండు వేయండి. ఒక రాయి మాత్రం నీటిమట్టం దాకా వచ్చేలా పెట్టండి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినప్పుడు పైకెక్కి ఒక పక్కకు ఒరిగి మొప్పలకు గాలి తగిలించుకుంటుంది. అలా చేస్తుంటే అది ఆట కాదు, పంపు ఆగిందో నీళ్ళు వేడెక్కాయో చూసుకోవాలి.

వేడి విషయంలో నెల్లూరు, ప్రకాశం వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. క్లార్కీకి 20 నుంచి 27 డిగ్రీల నీళ్ళు హాయి. 30 దాటితే మందగిస్తుంది, 35 దగ్గరికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. 25 డిగ్రీల నీళ్ళు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకుంటే 35 డిగ్రీల నీళ్ళు 7 కూడా పట్టుకోవు. సొంత చిత్తడి నేలలో ఉంటే బొరియలోకి దిగి తప్పించుకుంటుంది, అద్దాల తొట్టిలో దారి లేదు. రోహిణి కార్తెలో చిన్న ఫ్యాను నీటి మీదికి అడ్డంగా తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, మూత ఉన్న చోట వల మూత వాడాలి. గడ్డకట్టిన నీళ్ళ సీసా వేయొచ్చు గానీ గంటకు రెండు డిగ్రీల కంటే ఎక్కువ పడిపోకుండా చూడాలి. తారు రోడ్డు వైపు గోడకు ఆనించి తొట్టి పెట్టొద్దు. ఈ ఒక్క కోణంలో చూస్తే మన ఊళ్ళకు రెడ్‌క్లానే నయం. 30 డిగ్రీల్లో కూడా మామూలుగా తింటుంది, తిరుగుతుంది.

నీళ్ళు ఏవి పోయాలో షాపువాడు చెప్పే సలహా, ‘క్యాను నీళ్ళు పోయండి సార్, శుభ్రంగా ఉంటాయి’. ఇది తప్పు సలహా. ఇరవై లీటర్ల క్యానులో వచ్చేది ఖనిజాలు తీసేసిన నీళ్ళు. పెంకు గట్టిపడటానికి కాల్షియం కావాలి, కొంత నీళ్ళనుంచే తీసుకుంటుంది. కుబుసం వదిలాక డొప్ప మెత్తగానే ఉండిపోతే నీటిలో కాల్షియం లోపం ముందు అనుమానించాలి. రొయ్యల రైతులకు ‘సాఫ్ట్ షెల్’ అంటే వెంటనే అర్థమవుతుంది. పీహెచ్ 7 నుంచి 8, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) 200 నుంచి 400 ఉంటే సరి. మున్సిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచండి. ముత్తుకూరు, కొత్తపట్నం వైపు తీరం దగ్గరి బోర్లలో ఉప్పు ఎక్కువగా ఉంటే సగం క్యాను నీళ్ళు కలిపి మీటరుతో చూసుకోండి.

మందు సీసా తెరవకండి. మిథిలీన్ బ్లూ అయితే ఫిల్టర్‌లో మేలుచేసే బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. రాగి కలిసిన చేపల మందులైతే పెంకు జీవుల్ని సూటిగా చంపుతాయి. ఇంతకంటే ఎక్కువమంది చేసే పొరపాటు దోమల మందు. నెల్లూరు దోమల గురించి కొత్తగా చెప్పేదేముంది, ప్రతి గదిలో రాత్రంతా ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటుంది. వాటిలో ఉండే పైరెత్రాయిడ్ రకం రసాయనాలు చేపల కంటే రొయ్య జాతికి మరీ విషం, ఎయిర్ పంపు గదిలో గాలిని లాగి నేరుగా నీళ్ళలోకే ఊదుతుంది. తొట్టి ఉన్న గదిలో దోమతెర కట్టుకోండి, స్ప్రే అసలు కొట్టొద్దు. ముందురోజు దాకా బాగున్న జీవి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంటే మొదట అడగాల్సింది గదిలో ఏం వాడారని.

మేత డబ్బాలో గుళికలు మునిగేవే, ఫరవాలేదు. సాయంత్రం దీపం తీశాక రెండు మూడు గుళికలు, మర్నాడు పొద్దున మిగిలింది తీసేయాలి. దీని అసలు తిండి కుళ్ళే ఆకూ అలమూ. ఎండిన బాదం ఆకు ఒకటి ఎప్పుడూ తొట్టిలో ఉంచితే దాన్నే కొరుకుతూ ఉంటుంది. ఉడికించిన బీరకాయ, క్యారెట్ ముక్క వారానికి రెండుసార్లు. ఆకుకూరలైతే బాగా నానబెట్టి కడిగి వేయండి, పురుగుమందు భయం ఇక్కడా ఉంది. వారానికోసారి మాంసం ముక్క వేయొచ్చు, కానీ పచ్చి రొయ్య తలకాయలు వద్దు. మన ప్రాంతంలో ఇది మామూలు జాగ్రత్త కాదు. రొయ్యల్ని చంపే వైట్‌స్పాట్ వైరస్ 1994 ప్రాంతం నుంచి మన తీరంలో గుంటల్ని ముంచుతూనే ఉంది. క్లార్కీకి ఆ వైరస్ సులువుగా అంటుకుంటుంది. ఫ్రీజర్‌లో పెడితే వైరస్ చావదు, బాగా ఉడికిస్తే చస్తుంది.

కుబుసం గురించి రెండు మాటలు. పిల్లలు వారానికో రెండు వారాలకో, పెద్దవి ఏడాదికి రెండు నుంచి నాలుగు సార్లు విడుస్తాయి. అంతకు ముందు ఒకటి రెండు రోజులు తిండి మానేసి దాక్కుంటుంది. పొట్ట గోడల్లో కాల్షియం గుండ్లు దాచుకుని, కుబుసం అయ్యాక వాటిని కరిగించి కొత్త పెంకుకు వాడుకుంటుంది. వదిలిన పెంకును తీసేయకండి, తినేస్తుంది. ‘చచ్చిపోయింది’ అని ఫొటో తీసి షాపుకు పంపేవాళ్ళు చాలావరకు చూసేది ఖాళీ పెంకే: డొప్ప తోకకు కలిసే చోట విడిపోయి, కళ్ళు బోలుగా ఉంటాయి. విరిగిన కత్తెర రెండు మూడు కుబుసాల్లో మళ్ళీ వస్తుంది, మొదట చిన్నదిగా. అందుకని ఒక కత్తెర లేని జీవిని తక్కువ ధరకు ఇస్తే వద్దనక్కర్లేదు. తోక కండ తెల్లగా సున్నంలా కనబడితే మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

జత ఆఫర్ సంగతి. రెండు అడుగుల తొట్టిలో రెండు క్లార్కీలు వేస్తే ఒకదాని కుబుసం రోజున రెండోదానికి విందు. బతికి బట్టకట్టాయంటే ఇంకో చిక్కు: ఆడది వందల గుడ్లు తోక కింద మోస్తుంది, పాతిక డిగ్రీల దగ్గర మూడు వారాలకు పిల్లలొస్తాయి, అవి రెండు కుబుసాల దాకా తల్లినే పట్టుకుని ఉంటాయి. ఒంటరి ఆడదైనా నమ్మకం లేదు. షాపు తొట్టిలో మగవాటితో కలిసి ఉంటే వీర్యం నెలల తరబడి దాచుకుని తరవాత గుడ్లు పెట్టగలదు. పిల్లలు వద్దనుకుంటే గట్టి పుల్లలు చూసి మగదాన్నే అడగండి.

ఎందుకింత పట్టింపు అంటే, విసుగొచ్చినవాళ్ళు చేసే పని పక్క కాలవలో వదిలేయడం. నెల్లూరు చెరువు గానీ, కనిగిరి రిజర్వాయర్ కాలవ గానీ, బకింగ్‌హామ్ కాలవకు కలిసే ఏ డ్రెయిన్ గానీ ఒకటే. కయ్యలకు గనిమల బెడద, గుంటలకు వైరస్ మోసే కొత్త జీవి, రెండూ ఒక్క దెబ్బకు. రొయ్యల గుంటల దగ్గర కాపురం ఉన్నవాళ్ళు తొట్టి నీళ్ళు కూడా డ్రెయిన్‌లో పోయకుండా, నలభై లీటర్లకు టీ చెంచాడు బ్లీచింగ్ పొడి కలిపి ఒక రోజు ఉంచి, మిట్ట నేల మీద పారబోయాలి. పెంచలేనప్పుడు షాపుకే తిరిగివ్వండి. ఈ షాపు డబ్బు వాపసు ఇవ్వదు గానీ జీవిని తీసుకుంటుంది. అదీ కుదరకపోతే ఐసు ముక్కలు, నీళ్ళు కలిపిన గిన్నెలో మత్తెక్కేదాకా ఉంచి, ఫ్రీజర్‌లో ఒక రాత్రి పెట్టి, పాతిపెట్టాలి.

సెట్టుగా చూస్తే అయిదుకు ఒకటిన్నర. ఆ ఒకటి పంపుకు, అర మేతకు. జీవికి విడిగా నాలుగు: చురుగ్గా ఉంది, మీసాలు రెండూ పొడుగ్గా ఉన్నాయి, చెయ్యి దగ్గరికి తెస్తే కత్తెరలెత్తి ఎదిరిస్తుంది, తోక కొట్టి వెనక్కి దూకుతుంది, ఆరోగ్యానికి ఇవే గుర్తులు. కాబట్టి సెట్టు వద్దని, పంపు, స్పాంజి ఫిల్టర్, వల మూతతో రెండడుగుల తొట్టి విడిగా తీసుకోండి. జీవి కోసం నెల తరవాత వస్తామని చెప్పండి. తీసుకునే రోజు బిల్లు మీద ‘బ్లూ లాబ్‌స్టర్’ కాకుండా ‘ప్రోకాంబారస్ క్లార్కీ, మగ, ఒకటి’ అని రాయించండి. నీళ్ళు నింపిన పల్చటి కవరు వద్దు, కత్తెరకు చిరుగుతుంది. మూతకు చిల్లులున్న డబ్బాలో తడి గుడ్డ పరిచి అందులో పెట్టించుకుంటే గూడూరు దాకానో, కావలి దాకానో రెండు గంటల ప్రయాణానికి అదే క్షేమం. ఇంటికొచ్చాక తొట్టి నీళ్ళు కొద్దికొద్దిగా దాని మీద చల్లుతూ అరగంట అలవాటు చేసి వదలండి.